గేదెకు గాలికుంటు వచ్చింది, నాకూ నోరు పూసింది. దాన్నుంచే అంటిందా? ఇద్దరికీ ఒకే మందు పనిచేస్తుందా?

మీ గేదెకు గాలికుంటు తగిలి నాలుగు రోజులైందని, దానికి నోరు కడిగి జావ పోస్తున్న మీకు కూడా వారంగా నోరు పూసి అన్నం సహించడం లేదని రాశారు. దాన్నుంచి అంటిందేమో అని మీ భయం. చెప్తాను కానీ, చదివే ముందు ఒక పని చేసి రండి. పాలు తాగే దూడ ఉంటే దాన్ని తల్లికి అందనంత దూరంలో కట్టేయండి. ఎందుకో కింద వస్తుంది.

నేను డాక్టర్ని కాను. పల్నాడులో పాడి ఉన్న ఇంట్లో పుట్టాను. పదిహేనేళ్ళు నోటిపూతతో వేగాను. గాలికుంటు మా చావిడిలోకి వచ్చినప్పుడు గేదె నోరు కడిగింది నేనే. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

ముందు మీ లెక్కే చూడండి. గేదెకు నాలుగు రోజులు, మీకు వారం. అంటే మీ నోరే ముందు పూసింది! సరదాకి అన్నాను గానీ, తేదీలు తారుమారైనా సమాధానం మారదు. గాలికుంటు చీలిన గిట్టలున్న జంతువుల జబ్బు. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది, అడవిలో జింకలు. మనిషికి సోకడం అత్యంత అరుదు, సోకినా తేలిగ్గా తగ్గిపోతుంది. మీకున్నది మామూలు నోటిపూత అయ్యే అవకాశమే చాలా ఎక్కువ.

ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు. దీనికి సగం కారణం పేర్లు. గాలికుంటును ఇంగ్లీషులో ఫుట్ అండ్ మౌత్ అంటారు. స్కూలు పిల్లలకు అరచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో పొక్కులొచ్చే జ్వరాన్ని హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అంటారు. మా అమ్మాయికి యూకేజీలో అది వచ్చినప్పుడు మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి, "గొడ్ల దగ్గరికి పంపొద్దంటే విన్నారా" అని తిట్టాడు. పాపం ఆ పిల్ల అప్పటికి ఆరు నెలలుగా ఊరే వెళ్ళలేదు. రెండూ వేరు వేరు వైరస్‌లు. పిల్లలది ఎక్కువగా కాక్సాకీ రకం, మనిషి నుంచి మనిషికే వస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మనకొచ్చే మామూలు నోటి పుండును డాక్టర్లు ఆఫ్తస్ అల్సర్ అంటారు, గాలికుంటు వైరస్ ప్రజాతిని (జీనస్‌ను) ఆఫ్తోవైరస్ అంటారు. నోటి పుండుకున్న ఒకే గ్రీకు మాట నుంచి రెండు పేర్లూ పుట్టాయి. చుట్టరికం మాటకే గానీ జబ్బుకు లేదు.

అయితే మీకు అంటదు అన్నానని నిశ్చింతగా ఉండకండి. మీరు దాన్ని మోస్తారు. మీ చేతులు, చెప్పులు, లుంగీ, పాల క్యాను, కుడితి బకెట్, అన్నిటికీ ఆ సొంగ అంటుతుంది. అలాగే వెళ్ళి పక్కింటి చావిడిలో కాసేపు కూర్చుంటే చాలు. మావాళ్ళు ఈ జబ్బుకు పెట్టిన పేరులోనే గాలీ ఉంది, కుంటడమూ ఉంది. నిజంగానే ఈ వైరస్ గాలిలో కూడా పోతుంది. గేదెను చూసుకునే మనిషి ఒకరే ఉండాలి, ఆ మనిషి వేరే పశువుల దగ్గరికి పోకూడదు. బట్టలకు వేడినీళ్ళు, చావిడి నేలకు, బకెట్లకు నాలుగు శాతం చాకలిసోడా నీళ్ళు, అంటే లీటరుకు నలభై గ్రాములు. ఇది చౌక, పనిచేస్తుంది కూడా.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తే మీకు ఉపయోగం ఉండొచ్చు. ఆ ఏడాది టీకా వేయడానికి వస్తే మా నాన్న పశువుల్ని కాలవకు తోలేశాడు. టీకా వేస్తే పాలు తగ్గుతాయని, చూడి గేదెకు గర్భం పోతుందని ఆయన నమ్మకం. నెలన్నరకి ఎవరో సంతలో కొన్న ఆవుతో పాటు జబ్బు ఊళ్ళోకి వచ్చింది. మొదట మా పెద్ద గేదె మేత ముందు నిలబడి తినకుండా చప్పరించడం మొదలుపెట్టింది. చప్... చప్... అని ఆ చప్పుడు చావిడి బయటికి వినపడేది. మూతి నుంచి సొంగ తీగలు తీగలుగా నేల దాకా సాగుతోంది. ముట్టె పట్టి నోరు తెరిచి చూస్తే నాలుక మీద తోలు పెద్ద పెచ్చుగా లేచి ఉంది. నీళ్ళు పోస్తుంటే ఆ పెచ్చు నా చేతిలోకి ఊడి వచ్చింది. కింద పచ్చి మాంసం. ఇన్నేళ్ళు నా నోట్లో మిరియపు గింజంత పుండుకు నేను చేసిన హడావుడి గుర్తొచ్చి సిగ్గేసింది.

పూటకు ఐదు లీటర్లిచ్చే గేదె లీటరుకు పడిపోయింది. అది కాదు మమ్మల్ని ఏడిపించింది. దాని పెయ్యదూడ, నెల పిల్ల, నోట్లో ఒక్క పొక్కు కూడా లేదు. పొద్దున పాలు తాగింది, మధ్యాహ్నానికి నాలుగు కాళ్ళూ చాపేసింది. లేత దూడల్లో ఈ వైరస్ నోటి మీదికి రాకుండా తిన్నగా గుండె కండరాన్ని పట్టుకుంటుందని పశువుల డాక్టరు తర్వాత చెప్పాడు. జబ్బు తల్లి పాలల్లోనూ ఉంటుంది. అందుకే మొదటే దూడను కట్టేయమన్నాను. దానికి కాచి చల్లార్చిన పాలు పట్టండి. మీరు తాగే పాలు కూడా బాగా మరగనివ్వండి.

ఇక గేదె వైద్యం. ఇది వైరస్, చంపే మందు లేదు. డాక్టరు ఇచ్చే ఇంజక్షన్లు జ్వరానికి, నొప్పికి, పుండ్ల మీద చీము పట్టకుండా ఉండటానికి. మిగతాదంతా చాకిరీ. లీటరు నీళ్ళలో గ్రాము పొటాషియం పర్మాంగనేట్ పూర్తిగా కరిగాక, ఆ నీళ్ళతో రోజుకు రెండు మూడుసార్లు నోరు కడగాలి. పలుకులు కరగకుండా మిగిలితే పుండు మీద పడి కాలుస్తాయి, అందుకే గుడ్డలో వడకట్టేవాళ్ళం. తర్వాత బోరిక్ పౌడరు గ్లిజరిన్‌లో కలిపి నాలుక మీద, చిగుళ్ళ మీద పూయాలి. నాటువైద్యం ఇష్టమైతే నేషనల్ డెయిరీ డెవలప్‌మెంట్ బోర్డు వాళ్ళు ప్రచారం చేసే ముద్ద ఒకటుంది: జీలకర్ర, మెంతులు, మిరియాలు నానబెట్టి, వెల్లుల్లి, పసుపు, బెల్లంతో నూరి, పచ్చికొబ్బరి కోరు కలిపి నోట్లో పూయడం. మా గేదె పర్మాంగనేట్‌కి తల విదిలించేది గానీ దీన్ని నాకి మింగేది, బెల్లం వల్లనేమో. పక్కింటాయన మాత్రం తన ఎద్దు నాలుక మీద ఉప్పుగల్లు వేసి రుద్దాడు. ఆ ఎద్దు తర్వాత మూడు రోజులు మనిషిని దగ్గరికి రానివ్వలేదు. దయచేసి అలాంటివి చేయకండి. వరిగడ్డి, జొన్న చొప్ప కూడా ఆపేయండి. గంజి, రాగిజావ, నానబెట్టిన తౌడు, లేత పచ్చిగడ్డి, అవీ చల్లగా.

మీరు నోటి గురించే రాశారు, గిట్టల మధ్య చూశారా? నేను చూడలేదు, అదే నేను చేసిన తప్పు. నోరు మానుతోందని సంబరపడుతుండగా ఐదో రోజున గేదె కాలు విదిలిస్తోంది. వంగి చూస్తే గిట్టల సందులో పురుగులు. అప్పుడు పడిన పాట్లు ఇక్కడ రాయను, అన్నం తినేవాళ్ళు చదువుతుంటారు. ఈ రోజే కాళ్ళు కడిగి, గిట్టల మధ్య తడి ఆరనిచ్చి, డాక్టరు ఇచ్చిన పూత మందో, వేపనూనెలో కర్పూరం కలిపో రాయండి. నేల తడి లేకుండా పొడి ఇసుకో, బూడిదో చల్లండి. చన్నుల మీద పొక్కులుంటే పాలు పితికేటప్పుడు అది తంతుంది, దాని తప్పు కాదు. డాక్టరు దొరకకపోతే 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలది అదే నంబరు.

ఇప్పుడు మీ నోరు.

నోటిపూత అనేది జబ్బు పేరు కాదు, జ్వరం లాంటిది. వెనక ఏదో ఉంటుంది. మనవాళ్ళు అన్నిటికీ "వేడి చేసింది" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. నేనూ అలాగే పదిహేనేళ్ళు సబ్జా గింజలు, మజ్జిగ, పచ్చికొబ్బరి, మెడికల్ షాపులో బీకాంప్లెక్స్ షీటుతో గడిపాను. మామిడి పూతకైనా ఏడాదికి ఒక్కటే కాలం, నాకు నెలకొకసారి పూసేది. బీకాంప్లెక్స్ వేసుకోగానే నాలుగు రోజుల్లో తగ్గేది కాబట్టి మందు పనిచేసిందనుకునేదాన్ని. చిన్న పుండ్లు ఏ మందూ లేకున్నా వారం నుంచి రెండు వారాల్లో వాటంతటవే మానతాయని ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది.

చివరికి ఒక పంటి డాక్టరమ్మ నాలుక చూసి, "ఇంత నున్నగా ఉందేంటమ్మా" అని రక్తపరీక్షకు రాసింది. హిమోగ్లోబిన్ తొమ్మిది. బీ12 నూటనలభై, కనీసం రెండొందలు ఉండాలట. నేను మాంసం తినేదాన్నే, మరి ఎందుకు తగ్గింది? గ్యాస్ మాత్ర. పరగడుపున ఒకటి వేసుకోమని ఎవరో నెల రోజులకు రాస్తే, నేను ఆరేళ్ళు వేసుకున్నాను. తిండిలోని బీ12 విడిపడి ఒంటికి పట్టాలంటే కడుపులో ఆ పులుపు కావాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకూ ఇదే ఇబ్బంది రావచ్చు. ఇంజక్షన్లు, ఐరన్ మాత్రలు పడ్డాక పుండ్లు నెలకోసారి నుంచి ఏడాదికి ఒకటి రెండుకి దిగాయి. పూర్తిగా పోలేదు. నిద్ర చెడినా, టెన్షన్ పెరిగినా ఇప్పటికీ నాలుక అంచున ఒకటి లేస్తుంది. మీరు నాలుగు రాత్రులుగా గేదె పక్కన మేలుకొని ఉంటే మీది ముదరడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

అద్దం ముందు టార్చి వేసి చూసుకోండి. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక పక్కన, మధ్యలో పసుపు తెలుపుగా చుట్టూ ఎర్రటి గీతతో గుండ్రంగా ఉంటే మామూలు పూతే. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించండి. కారం, ఆవకాయ, వేడి టీ పక్కన పెట్టండి. మరీ మంటగా ఉంటే తినే ముందు తిమ్మిరెక్కించే జెల్. పుండ్లు ఎక్కువైతే డాక్టర్లు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ పేస్టు రాస్తారు. దాన్ని రాత్రి పడుకోబోయే ముందు పుండును దూదితో ఆరబెట్టి, రుద్దకుండా అద్దినట్టు పెట్టాలి. చాలామంది పళ్ళపొడిలా రుద్ది, పనిచేయలేదంటారు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించే మందు మంచిదే, కానీ వారాల తరబడి వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. నురుగు ఎక్కువగా వచ్చే టూత్‌పేస్టు కొందరికి పడదు, మార్చి చూడండి. తేనె పూస్తే హాయిగా ఉంటుంది, ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె పెట్టకండి.

పుండు కాకుండా పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత ఉండి, తుడిస్తే ఊడి వచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్. షుగరు ఉన్నవాళ్ళకు, ఆస్తమాకు ఇన్హేలర్ పీల్చి నోరు కడుక్కోనివాళ్ళకు, రాత్రి కట్టుడుపళ్ళు తీయకుండా పడుకునేవాళ్ళకు వస్తుంది. దానికి క్లోట్రిమజోల్ లాంటి వేరే మందు కావాలి, స్టెరాయిడ్ పేస్టు పూస్తే పెరుగుతుంది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకు నోరు పూస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్రను పొరపాటున రోజూ మింగితే మొదట బయటపడేది నోట్లోనే.

మూడు వారాలు దాటినా మానని పుండు ఒక్కటి ఉన్నా, ముఖ్యంగా నొప్పి లేకుండా అంచులు గట్టిగా తగిలితే, వెంటనే చూపించుకోండి. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. ఆమె తల్లి అడ్డపొగ తాగేది, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకు ఇది బాగా అలవాటు. ఎర్రగా మండే చుట్టను నాలుక మీద ఆనించకుండా, మాట్లాడుతూనే తిప్పేది, చూస్తే గారడీలా ఉండేది. ఒకసారి ఆవలించినప్పుడు చూశాను, అంగిలి అంతా తెల్లగా, పగిలిన నేలలా, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. "మంట లేదే, అలవాటైపోయింది" అంది. మంట లేకపోవడమే చెడ్డ కబురని అప్పుడు మాకు తెలియదు. అంగిలి క్యాన్సర్ మామూలుగా అరుదు, ఈ అలవాటు ఉన్నచోట అరుదు కాదు. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ళకు ఇంకో పరీక్ష: మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే బుగ్గలు లోపల బిగుసుకుపోతున్నట్టే.

ఒకే మందు ఇద్దరికీ పనిచేస్తుందా అని అడిగారు. ఉప్పునీళ్ళు తప్ప ఏదీ పంచుకోకండి. బోరిక్ గ్లిజరిన్ గేదెకు చాలు, పిల్లల నోట్లో అసలు పెట్టకండి. మన జెల్స్ అటు వాడితే ఇంకా ప్రమాదం. హైదరాబాదులో మా అమ్మాయి మెట్ల కింద దొరికిన పిల్లిపిల్లను తెచ్చింది. నాలుక మీద పుండ్లు, సొంగ, తుమ్ములు. నేను నా డబ్బాలోంచి నోటి జెల్ తీస్తుంటే డాక్టరు ఫోన్లోనే కేకేశాడు. తిమ్మిరి జెల్స్‌లో వాడే మందులు, పుండ్ల జెల్స్‌లో ఉండే సాలిసిలేట్లు పిల్లికి పడవు, పారాసిటమాల్ అయితే ప్రాణమే తీస్తుంది. దానికున్నది కాలిసివైరస్ అనే పిల్లుల వైరస్. సెలైన్, మెత్తటి తిండి, నొప్పికి పిల్లుల మందుతో పది రోజుల్లో తేరుకుంది. ముసలి కుక్క నోట్లో పుండ్లు లేచి ఘాటుగా కంపు కొడితే పళ్ళొక్కటే కాదు, కిడ్నీలు కూడా చూపించాలట.

గొర్రెలుంటే చెప్పండి, వాటి లెక్క వేరు. వానల తర్వాత మూతి వాచి, ముక్కు కారి, కుంటుతుంటే నీలి నాలుక వ్యాధి కావచ్చు, అది దోమకన్నా చిన్న ఈగల వల్ల వస్తుంది. నోట్లో పుండ్లతో పాటు జ్వరం, విరేచనాలు ఉంటే పీపీఆర్, అంటే గొర్రెలు, మేకల ప్లేగు కావచ్చు. రెండింటికీ టీకాలున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని కొంచెం భయపెడతాను. సొంగ కార్చే ప్రతి పశువుదీ గాలికుంటు కాదు. మా ఊళ్ళో ఒకాయన ఆవు సొంగ కారుస్తూ, మింగలేక, వింతగా అరుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. రెండు రోజుల్లో ఆవు చచ్చిపోయింది, పిచ్చికుక్క కరిచిందని అప్పుడు తెలిసింది. ఆయనా, పక్కన ముట్టె పట్టుకున్న ఇద్దరూ పరుగెత్తి యాంటీ రేబిస్ సూదులు వేయించుకున్నారు, బతికిపోయారు. మీ గేదెకు నాలుక మీద పొక్కులు, కుంటడం, జ్వరం ఉండి, చుట్టుపక్కల పశువులకూ అవే ఉంటే గాలికుంటే. అవేవీ లేకుండా సొంగ ఒక్కటే ఉంటే చెయ్యి పెట్టకండి. ఎలాగైనా సరే, మోచేతి దాకా ఉండే గ్లోవ్స్ కొనుక్కోండి.

టీకా సంగతి డాక్టరుతో మాట్లాడండి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు, చెవికి పన్నెండు అంకెల పోగు వేసి రాసుకుంటారు. కోలుకున్న గేదె కూడా వచ్చే ఎండాకాలం రొప్పుతుంది, ఎండలో నిలవదు, దానికి నీడ, చెరువు చూసి పెట్టుకోండి. మా గేదె రెండేళ్ళు అలాగే రొప్పింది. తర్వాతి విడత టీకా వాళ్ళు వచ్చినప్పుడు మా నాన్న కాలవకు తోలలేదు. పలుపు తానే పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు ఓ అర లీటరు తగ్గింది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. "చూశావా, తగ్గాయి" అని మాత్రం అనకుండా ఉండలేకపోయాడు.